గోడకు ఆ పక్క

“కాటప్పన్నా, మనిషి పట్టేంత చోటు చాలు. మా అమ్మను మీ పక్కన పెట్టుకోనియ్యండి,” అన్నాడు దాసన్న.

‘అన్నా’ అన్న పిలుపు చెవిన పడగానే అరుగు మీదున్న ముసలి కాటప్ప ఉలిక్కిపడ్డాడు. లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. వాకిట్లో శెనక్కాయలు వలుస్తున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. దాసన్న బయటే విడిచి వచ్చిన చెప్పుల వైపు ఒకసారి, అతని ముఖం వైపు ఒకసారి చూశారు.

“ఏందప్పా ఈ మాట? మీ మట్టి మీకుండాది, మా మట్టి మాకుండాది. పెద్దోళ్లు ఊరికే కట్టినారా ఆ గోడ?”

నాగలమడిక దారిలోని ఆ చిన్న ఊళ్లో చర్చి ఒక్కటే. పాట ఒక్కటే, ప్రార్థన ఒక్కటే. కూర్చునే వరసలు మాత్రం రెండు. సమాధుల దొడ్డి నడుమ రాతిగోడ. ఆదివారం పొద్దున దేవుని ముందు సోదరులైన వాళ్లు చచ్చాక మళ్లీ ఎవరి కులం వాళ్లదైపోతారు. ఇంతకంటే ఎగతాళి ఇంకేముంటుంది! గోడకు ఆ పక్క మట్టిలో గడ్డపార దిగాలంటే ఆ పక్కవాళ్ల పెద్ద కాటప్ప ఊ అనాలి.

దాసన్న తల్లి దొడ్డమ్మ తెల్లవారుజామున కన్నుమూసింది. కరువు ఏడాది, ఎండ పేలిపోతోంది. పొద్దు వాలేలోగా మట్టి చెయ్యాలి. ‘కడబూర మోగి చచ్చినోళ్లు లేచే దినాన నేను గోడకు ఆ పక్క నుంచే లేస్తా నాయనా’ అని ఆమె కొడుకు చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తీర్చకుండా ఇంటికి పోయి తల్లి ముఖం చూడడం అతనివల్ల కాదు.

గొంతు తడారిపోయింది. “కొన్ని నీళ్లు ఇప్పించండన్నా.”

ఎవరూ కదల్లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి కాటప్ప చెల్లెలు ఓబక్క చెంబుతో వచ్చి, ఎడంగా నిలబడి, పైనుంచి పోయడానికి వంచింది.

“దోసిట్లో వద్దక్కా. చెంబే ఇయ్యి.”

ఓబక్క అన్న వైపు చూసింది. అతను తల తిప్పుకున్నాడు. ఆమె చెంబు అందించింది. దాసన్న గటగటా తాగాడు.

కాటప్ప గొంతు తగ్గించాడు. “ఇది ఆయమ్మ మాటనా, నీ మాటనా?”

“అమ్మ మాటే. నా మాట చేసుకోవాలనే వచ్చినా.”

“రేపు రగడ అయితాది. తలకాయలు పగిలేది ఎవురివి?”

“ముందర నేను నిలబడతా.”

“నిలబడతావా! మొన్న ప్రభువు బల్ల దగ్గర, రొట్టె తీసుకునేటప్పుడు, ఆయమ్మ వరస మారి మా ఓబక్క పక్కన నిలబడె. చెయ్యి పట్టి లాగి మళ్లా పాత వరసలోకి నెట్టినారు. అప్పుడు యాడ ఉంటివి నువ్వు?”

దాసన్న తల దించుకున్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆ రోజు నలుగురూ నవ్వుతుంటే తల్లి తరఫున ఒక్క మాట అనలేకపోయాడు. ఆ సిగ్గు ఇప్పుడు నిలువునా కాల్చేస్తోంది.

“ఆడనే ఉంటి. నోరు రాలేదు.”

ఓబక్క కల్పించుకుంది.

“వాళ్లు లాగతా ఉన్నా ఆయమ్మ నా చెయ్యి ఇడసలేదన్నా. బతికినన్నాళ్లూ ఆ గోడను మోస్తిమి. చచ్చినోళ్లకు గూడా కావల్నా?”

కాటప్ప దాసన్న వైపు తిరిగాడు. “ఏ దావన తెస్తావు? మా దొడ్డి వాకిలి నుంచా?”

“లేదన్నా. పాడె పట్టేంత గోడ పీకుతా. నా చేత్తోనే పీకుతా.”

“పీకిన రాయి మళ్లా పెట్టేది లేదు.”

“లేదు.”

కాటప్ప లేచాడు. ఉబికిన కన్నీళ్లను దాచుకోవాలని కూడా చూడలేదు. “గడ్డపారలు తీయండ్రా! నేల బండ అయిపోయిండాది, తవ్వేకి శానా సేపు పడతాది. ఆయమ్మను మనోళ్ల నడుమనే పెడదాం.”

దాసన్న చేతులు జోడించాడు. కొంగుతో కళ్లొత్తుకుంటూ ఓబక్క అతని వెంట వాకిలి దాకా వచ్చింది.

పొద్దు వాలకముందే రెడ్ల ఇంటి దొడ్డమ్మ మాదిగల మట్టి చేరింది.