పడవలో తెలుగే మాట్లాడాలి

"వద్దంటే వద్దు. ఇంకేదైనా మాట్లాడు," అన్నాడు ధర్మారావు.

మనవరాలు అవని కదల్లేదు. అమెరికాలోని కమ్మింగ్ ఊళ్ళో, తాతయ్య ఇంటి వెనక చెక్క డెక్ మీద అతనికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. స్కూల్ బోర్డు ఎన్నికకు పేరు ఇవ్వడానికి గడువు ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటితో సరి. ఫారాలన్నీ నింపి ఫైల్లో పెట్టుకుంది. తాతయ్య సరే అంటే కారు తీయడమే తరువాయి.

"తాతయ్యా, నువ్వు నో అంటే నేను రన్ చెయ్యను. బట్ రీజన్ చెప్పాలి కదా."

"రీజన్ ఏముందే? మూడుసార్లు నిలబడ్డాను, మూడుసార్లూ బోర్లాపడ్డాను. ఒకాయనైతే నా పేరు పలకడం వచ్చాక ఓటేస్తానన్నాడు. పాపం, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాడు."

అవని నవ్వింది. ధర్మారావు నవ్వలేదు.

గోదావరి లంకలో పుట్టినవాడికి పడవ పిచ్చీ రాజకీయం పిచ్చీ ఒకేసారి పట్టాయి. ఎన్నికలొస్తే బ్యాలెట్ పెట్టెలు అతని తండ్రి పడవలోనే ఏరు దాటేవి. పదేళ్ల ధర్మారావు గెడ పట్టుకుని ఆ పెట్టెల పక్కన కూర్చుని, రాజ్యమంతా తానే మోసుకుపోతున్నట్టు ఉబ్బిపోయేవాడు. గెలిచిన నాయకులు మళ్ళీ ఆ పడవవాడి మొహం చూసిన పాపాన పోలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకాలు. అయినా అతని పిచ్చి వదల్లేదు. అమెరికా వచ్చాక ఇల్లు కొనకముందే పడవ కొన్నాడు. భార్య నెల్లాళ్ళు మాట్లాడలేదు. ఆ తర్వాత కౌంటీ ఎన్నికల్లో పోటీ చేశాడు. ఈసారి ఆర్నెల్లు మాట్లాడలేదు. ఆ మహాతల్లి కూడా పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు అతనికి డెబ్బై తొమ్మిది.

నీళ్ళ మీద అతనికి రెండు చట్టాలుండేవి. పడవలో ఇంగ్లీషు వినపడకూడదు. తను చెప్పేదాకా ఎవరూ కూర్చున్న చోటు నుంచి లేవకూడదు. కొడుకు రాజ్ ఇక్కడే పుట్టి పెరిగినవాడు. వాడి తెలుగంతా తినరా, పడుకోరా, ఇటు రారా దాకానే. అయినా నలభై ఏళ్ళొచ్చినా తండ్రి మాట జవదాటలేదు. ఆదివారం వస్తే ఆ నాలుగు ముక్కలతోనే తండ్రీ కొడుకులు ఊరి పక్క సరస్సంతా తిరిగి వచ్చేవారు.

"నేను అమ్మాయిననా?" అంది అవని.

"ఛ, నోరు కడుక్కో."

"మరేంటి? నాన్న ఉంటే నాన్నే రన్ చేసేవాడు. ప్రతి బోర్డు మీటింగ్‌కీ వెళ్ళి మైక్ తీసుకునేవాడు. నేను బ్యాక్ రోలో హోంవర్క్ చేసుకునేదాన్ని. నాకు బాగా గుర్తుంది."

"రాజకీయం ఈ ఇంట్లో ఒకణ్ణి మింగింది. అది చాలు," అన్నాడు ధర్మారావు.

"నాన్న పాలిటిక్స్‌లో లేడు తాతయ్యా. నాన్నని తీసుకెళ్ళింది లేక్. స్పీడ్‌బోట్ వెళ్తే పెద్ద వేవ్ వచ్చింది, మన బోట్ ఒరిగింది. నువ్వే కదా చెప్పావు?"

అవును, తనే చెప్పాడు. పోలీసులకు చెప్పాడు. కోడలు రేణుకు చెప్పాడు. అప్పటికి పదిహేనేళ్ళున్న ఈ పిల్లను పొదువుకుని చెప్పాడు. తొమ్మిదేళ్ళుగా చెప్పగా చెప్పగా ఆ అల అతనికే కళ్ళకు కట్టినట్టు కనిపించసాగింది. మార్చి నెల చన్నీళ్ళు నిజం. పడవ అంచు తలకు తగిలి కొడుకు మునిగిపోవడం నిజం. వాడి చొక్కా తన ముసలి చేతులకు అందీ అందక జారిపోవడం నిజం. అల ఒక్కటే అబద్ధం.

అవని ఫోన్‌లో టైం చూసుకుంది. పదకొండు దాటింది. ఫైలు మూసి కుర్చీ పక్కన నేల మీద పెట్టేసింది.

"ఓకే. నీకు అంత బాధైతే నాకు ఇది వద్దు. నాన్న తర్వాత నాకు నువ్వే కదా," అంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ధర్మారావుకు తన మీద తనకే రోత పుట్టింది. చెబితే ఈ పిల్ల మళ్ళీ తన మొహం చూడదేమో. చెప్పకపోతే తాతయ్య మీది ప్రేమకొద్దీ చేతికందిన పని వదులుకుని ఇంట్లో కూర్చుంటుంది. కొడుకు చాలక మనవరాలు కూడానా?

"అల రాలేదమ్మా," అన్నాడు.

"వాట్?"

"ఏ స్పీడ్‌బోటూ రాలేదు. ఆ రోజు నీళ్ళు కదలనైనా కదల్లేదు. మీ నాన్న నాకు ఎదురుగా కూర్చుని, తెలిసిన నాలుగు ముక్కలకీ సైగలు కలిపి, వచ్చీరాని తెలుగులో మీ స్కూల్ బోర్డు గొడవంతా చెబుతున్నాడు. వింటుంటే నా మనసు పొంగిపోయింది. నా వల్ల కానిది వీడి వల్ల అవుతుందనిపించింది. ఆ మాటే పైకి అన్నాను. ఇంగ్లీషులో అనొచ్చుగా? అనలేదు. నా చట్టం నాకు గొప్ప."

అవని కుర్చీ ముందుకు జరుపుకుని అతని చెయ్యి పట్టుకుంది.

"ఏమన్నావు తాతయ్యా?"

"'ఇంకా ఆలోచిస్తావేంట్రా? నిలబడరా నాన్నా, నిలబడు' అన్నాను."

రాజ్ లేచి నిలబడ్డాడు.