వేట తూటాలు

"ఈ రెండింట్లో ఏది సరిగ్గా గురికి పోతుంది, సయా?"

కెప్టెన్ మౌంగ్ మౌంగ్ బల్ల మీద రెండు తూటాల పెట్టెలు పెట్టాడు. ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. రెండూ పాయింట్ టూటూ రైఫిల్‌వే.

చిమిండైంగ్ పేటలో నది ఒడ్డున ఉన్న ఆ షూటింగ్ క్లబ్బు, ఊళ్లో సైనిక ప్రభుత్వానికి ఎదురుగా ఊరేగింపులు మొదలైన దగ్గర్నుంచీ మూతపడి ఉంది. కోచ్ వీరన్న ఇంటికి జీపు పంపి మరీ తెరిపించారు. గురువుని పిలిచినట్టు 'సయా' అని పిలుస్తుంటే వీరన్నకి ఇబ్బందిగా ఉంది. ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గరు మెల్లగా నొక్కడం ఒకప్పుడు ఈ కెప్టెన్‌కి ఇక్కడే నేర్పింది తనే.

"ఏం పనికి?"

"వేటకి. పెగూ కొండల్లో దుప్పులు."

"దుప్పికి ఈ తూటా చాలదు కెప్టెన్. కుందేలుకైతే సరిపోతుంది."

"దగ్గర్నుంచి కొడితే? మూడంతస్తుల మేడంత దూరం?"

వీరన్న పెట్టెలు రెండూ దగ్గరికి లాక్కున్నాడు. అడవిలో మేడలుండవు. అతని కూతురు విజయకుమారి రోజూ పొద్దున్నే కాలేజీ వాళ్లతో జెండా పట్టుకుని వెళ్తోంది. వద్దంటే వినడం లేదు.

"ముందు నేనొక్కణ్ణే పేల్చి చూస్తాను. మీరు షెడ్డులో టీ తాగండి" అన్నాడు చివరికి.

పచ్చ పెట్టెలోవి నెమ్మదిగా పోయే పోటీ తూటాలు. అన్నీ చింతగింజంత చోటులోనే పడ్డాయి. ఎర్రవి వేగంగా పోయే వేట తూటాలు. ఒకటి పైకి పోయింది, ఒకటి కిందకి పోయింది, కొన్ని అసలు పేలనే లేదు. అట్టపెట్టె కొత్తగా ఉన్నా లోపలి తూటాల మీద మైనం తెల్లగా పాలిపోయింది. బయటి దేశాల నుంచి సరుకు రావడం మానేసి ఏళ్లయింది. ఏ గోదాములోంచి తెచ్చారో, ఈ వానలకి కారి ఉంటుంది అనుకున్నాడు.

అప్పుడే ఆలోచన తట్టింది. నాలుగైదు పచ్చ తూటాలు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. చిల్లులు పడ్డ గురి కాగితాలు నలిపేసి కొత్తవి పెట్టాడు.

కెప్టెన్ వచ్చి వెనకాల నిలబడ్డాడు. వీరన్న ముందు పచ్చవి పేల్చాడు. ప్రతిసారీ ట్రిగ్గరుని ఒక్క కుదుపు కుదిపాడు. కాగితమంతా చిల్లులు చెదిరిపోయాయి. తర్వాత ఎర్ర పెట్టె తెరిచాడు. అంతలో కెప్టెన్ చుట్ట ముట్టించుకోవడానికి గాలికి వీపు పెట్టి అటు తిరిగాడు. జేబులోవి తుపాకీలోకి మారాయి.

ఈసారి చిల్లులన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

కెప్టెన్ కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "నెమ్మదిగా పోయే తూటాయే గురి తప్పదని మీరు చెప్పేవారు."

వీరన్న తుపాకీ బల్ల మీద పెట్టాడు. "అది పోటీలకి. వేటకి వేగం కావాలి."

"సరే. పైవాళ్లు నా మాట వినరు గానీ, మీ మాటంటే నమ్ముతారు."

ఎర్ర పెట్టె పట్టుకుని జీపెక్కాడు.

మింగళ తౌంగ్‌న్యున్ పేటలో ఉన్న ఇంటికి చేరేసరికి భార్య దుర్గాంబ గుమ్మంలోనే ఉంది.

"ఏటి పని మీద తీసుకెల్లినారు?"

"తూటాలు చూడమన్నారు."

"పిల్ల రోడ్డు మీదుంటే, ఆలకి తూటాలు ఏరి పెట్టొచ్చినావా?"

అసలు జరిగింది ఆమెకి కూడా చెప్పదలచుకోలేదు. గోడలకి చెవులున్న రోజులు. దుర్గాంబ కంచం పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడలేదు. వీరన్న తిండి మీద మనసు లేక, కూర్చోలేక, వీధిలో ఏ చప్పుడైనా గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. ఆ తూటాల్లో మంచివి కూడా కొన్ని ఉంటే? ఒక్కటి చాలు కదా.

ఆ వారంలోనే ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి. ఊళ్లో చాలామంది పడిపోయారని కబురొచ్చింది. సాయంత్రం విజయకుమారి తడిసి ముద్దై వచ్చింది. చేతిలో జెండా లేదు, కర్ర మాత్రం ఉంది.

"మేడ మీంచి నన్నే చూసి కాల్చినారు నాన్నా. ఒకటి పక్కనున్న స్తంభానికి తగిలింది. ఇంకోటి ఎటెల్లిందో తెలీదు. తర్వాత తుపాకీ టిక్కుమంది గానీ పేల్లేదు."

వీరన్న ఆమె చేతిలో కర్ర తీసుకుని గోడకి ఆనించాడు.

కొన్నాళ్లకి జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. వీరన్న ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు, తీసుకెళ్తారని. దుర్గాంబ అతని చెయ్యి పట్టుకుంది.

మౌంగ్ మౌంగ్ ఒక్కడే బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. భుజాల మీద నక్షత్రాలు లేవు.

"నన్ను కొండల్లోకి, సరిహద్దుకి పంపించేస్తున్నారు. తూటాలు ఎంచింది ఎవరని అడిగారు. మీరు పచ్చవే మంచివన్నారనీ, నేనే వినలేదనీ చెప్పాను. మీ జోలికి ఎవరూ రారు."

వీరన్న తలదించుకున్నాడు. "నేను నిన్ను మోసం చేశాను, మౌంగ్ మౌంగ్."

"తెలుసు. మీ పాఠం నేను మర్చిపోలేదు."

"తెలిసీ ఎందుకు తీసుకెళ్లావు? గోదాము కారి పాడైపోయిన సరుకు..."

మౌంగ్ మౌంగ్ లేచి గుమ్మం దగ్గర బూట్లు వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు.

"వాటిని నీళ్లలో నానబెట్టింది నేనే, సయా."