అర్థమైందని వేసిన వేలిముద్ర

సిద్ధాంతాలన్నీ యంత్రాలే రాస్తున్న కాలమిది. అయితే ఒక మనిషి చదివి, "అర్థమైంది" అని వేలిముద్ర వేస్తేగానీ ఏ సిద్ధాంతమూ చెల్లదు. అది చట్టం. ఒకరు వేశాక ఇంకెవరూ దాన్ని తెరిచి చూడరు.

విశ్వం ఎలా మొదలైందో స్ట్రింగ్ థియరీతో తేల్చేసిన నాలుగు వందల పన్నెండు పేజీలు నా వంతుకొచ్చాయి. అరవయ్యో పేజీలోనే దారి తప్పాను. రెండు నెలలు అక్కడే తిరిగాను. గడువు రోజున, అర్థం కాలేదని రాస్తే ముప్ఫయ్యేళ్ల నా చదువు ఏమైందంటారోనని భయపడి, వేలిముద్ర వేసేశాను.

మర్నాడు పొద్దున్న మా వంటమనిషి పైడమ్మ మొహం వెలిగిపోతూ వచ్చింది. టీవీలో నా ఫొటో చూసిందట.

"అమ్మా, అన్నిటికన్నా ముందు ఏటుండేదంట? మీకు తెలిసిపోనాదంట కదా!"

"సన్నటి తీగల్లాంటివి పైడమ్మా. అవి ఊగుతూ ఉండేవి."

ఆమె పెనం మీద అట్టు తిరగేసింది. "మరి ఆటినెవరు ఊపినారమ్మా?"

అరవయ్యో పేజీలో నేను ఆగిపోయింది సరిగ్గా అక్కడే.

"అది చెప్పడం కష్టం," అన్నాను.

పైడమ్మ ఏమీ అనుకోలేదు. "పోన్లెండమ్మా, నాకు తెలకపోతే ఏటి? మనుషుల్లో ఒకరికి తెలిసినాది. అది చాలు," అంటూ నా కంచంలో వేడివేడిగా ఇంకో అట్టు వేసింది.

మనుషుల్లో ఎవరికీ తెలియదన్నది నాకొక్కదానికే తెలుసు. తల దించుకుని తిన్నాను.