పానకాలు తెచ్చిన ఉత్తరం

“మీ నాన్న వచ్చాడు. సంచీ చూస్తే మళ్ళీ చీరే కాబోలు,” అంది దుర్గాంబ, కిటికీలోంచి చూసి మళ్ళీ పుస్తకంలోకి తల దించుకుంటూ.

“నువ్వూ రా దుర్గా. నిన్ను అడుగుతాడు,” అంది పేరమ్మ.

గుంటూరులోని ఆ మహిళా కళాశాల వసతిగృహంలో వారిద్దరిదీ ఒకే గది. చిలకలూరిపేట హెడ్మాస్టరు కూతురైన దుర్గాంబది నిరుటి వరకు తరగతిలో మొదటి స్థానం. మంగళగిరి నుంచి వచ్చిన ఈ నేతగాని కూతురు దానిని లాక్కుంది. వక్తృత్వ పోటీకి వాల్తేరు వెళ్ళే అవకాశమూ ఆమెకే దక్కింది. పైగా నెలకోసారి తండ్రి వస్తాడు. హెడ్మాస్టరుగారు రెండేళ్ళలో ఒక్కసారీ రాలేదు. ఈ చివరిది దుర్గాంబ ఎవరికీ చెప్పుకోలేని మంట.

వరండా బెంచీ మీద కూర్చున్న పేరమ్మ తండ్రి పానకాలు జేబులోంచి ఇన్‌లాండు కవరు తీశాడు. అతికించిన అంచు చెదరలేదు.

“మొన్న వచ్చిందమ్మా. గుంటూరు ముద్ర ఉందని చెప్పి పోస్టుమాను చదివిపెడతానన్నాడు. మనింట్లో ఉత్తరం చదివేది నువ్వేగా, పరాయోళ్ళెందుకని తెచ్చా. కాలేజీ నుంచి ఒక్క చెడ్డమాట వినపడినా నిన్ను తీసుకొచ్చి మగ్గం దగ్గర కూర్చోబెడతానని మీ పెదనాన్నకి మాటిచ్చా. ఇది వచ్చినప్పట్నుంచీ అన్నం సయించటంలా.”

దుర్గాంబ వెనుదిరగబోయింది.

“నువ్వూ ఉండు తల్లీ. నువ్వేం పరాయిదానివా?” అన్నాడు పానకాలు.

పేరమ్మ కవరు విప్పింది. ఆమె చూపు కింది వరకు వెళ్ళి, మళ్ళీ పైకి వచ్చింది.

“ఏముందే?”

“చదువుతున్నా నాన్నా. ‘పానకాలు గారికి నమస్కారములు. మీ అమ్మాయి ఇక్కడ అందరికన్నా బాగా చదువుతున్నది. ఆమెను చూసి కొందరికి కన్నుకుట్టింది. వారిలో నేనూ ఉన్నాను. ఎవరేమి చెప్పినా చదువు మాన్పించకండి. ఇట్లు, దుర్గాంబ.’”

పానకాలు లేచి రెండు చేతులూ జోడించాడు.

“కన్నుకుట్టిందని తనంతట తను ఒప్పుకోటానికి ఎంత గుండె కావాలి తల్లీ. పేరమ్మా, నువ్వు నిశ్చింతగా చదువుకో. ఆ కవరు ఇటియ్యి, మీ పెదనాన్నకి చూపిస్తా.”

“వద్దు నాన్నా. నీ మాట చాలదా ఆయనకి? ఇది రాసినవాళ్ళ దగ్గరే ఉండనీ.”

పేరమ్మ కవరు మడిచి దుర్గాంబ చేతిలో పెట్టి, తండ్రిని సాగనంపడానికి గేటు వైపు నడిచింది.

దుర్గాంబ మడత విప్పి తన చేతిరాతను చూసుకుంది.

పేరమ్మ చదివిన మాట అందులో ఒక్కటీ లేదు, సంతకమూ లేదు.