అచ్చమ్మ పేకాట

చీకటి పడ్డాక అండమాన్‌లో, గరాచర్మలోని బాబాయి వీరన్న ఇంట్లో కావేరి పాత కంప్యూటర్ ముందు కూర్చుంది. అందులో లినక్స్ నత్తనడక నడుస్తోంది.

"బాగవకపోతే రేపు పాతసామాన్ల కబాడీవాడికి ఇచ్చెత్తాను బేటీ. సూత్తంటే మీ పిన్నే గుర్తొత్తంది," అన్నాడు వీరన్న వంటింట్లోంచి. పిన్ని అచ్చమ్మ సునామీలో పోయి రెండేళ్లయింది.

మెమరీని ఏది తినేస్తోందో కావేరి వెతికి చూసింది. పేకాట. ఎవరూ తెరవని పేకాట, అచ్చమ్మ పేరు మీదే నడుస్తోంది. ఆపేసింది. కంప్యూటర్ చురుగ్గా కదిలింది. అంతలోనే పేకాట మళ్లీ తెరుచుకుంది. కావేరి మౌస్ వైరు పీకేసింది. అయినా తెర మీద ముక్కలు ఒక్కొక్కటే తిరగబడుతున్నాయి. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"బాబాయ్!" అని కేకేసింది.

వీరన్న వచ్చి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని తెర దగ్గరికి వంగాడు.

"అలాక్కాదే! ఆఠీను రాణిని ఇస్పేటు రాజు మీద ఎట్టు."

రాణి కదిలింది. తిన్నగా వెళ్లి పక్కనున్న కళావరు రాజు మీద కూర్చుంది.

వీరన్న పకపకా నవ్వాడు. "ఏనాడైనా నా మాట ఇన్నావా నువ్వు!"