పద్దెనిమిది అంగుళాల గోడ

ఆ ఇంట్లో అడుగు పెట్టగానే ఆర్కిటెక్టుకి ప్రాణం లేచి వచ్చింది.

బయట ఎండ మాడు పగలగొడుతోంది. చొక్కా జేబు చిరిగిందని, దారిలో కనబడిన దర్జీ ఇంటి తలుపు తట్టాడంతే. లోపల ఏసీ లేదు, కూలర్ లేదు, ఉన్న ఒక్క ఫ్యానూ తిరగడం లేదు. అయినా హాయిగా ఉంది.

"ఫ్యాను వెయ్యనా సార్?" అని అడిగింది దర్జీ, మిషను ఆపి.

"వద్దమ్మా, ముట్టుకోకండి!" అని అరిచినంత పని చేశాడు. ఆయన సంచిలో దువ్వెన లేకపోయినా థర్మామీటరు మాత్రం ఉంటుంది. తీసి చూశాడు. ఇరవై ఆరు డిగ్రీలు. జేబు సంగతి మర్చిపోయాడు.

ఆయనకి ఒకటే పిచ్చి. కరెంటు తాగకుండా, పొగ కక్కకుండా, తమంతట తామే చల్లగా ఉండే ఇళ్ళు కట్టాలి. పన్నెండేళ్ళుగా చెబుతున్నాడు, వినే నాథుడు లేడు. ఇప్పుడు కార్మికుల కోసం రెండు వందల ఇళ్ళు కట్టబోతున్నారు. "ఇంటికో ఏసీ తగిలిస్తే పోయేదానికి ఇంత రామాయణం ఎందుకయ్యా?" అని ఆయన పనిచేసే గృహ నిర్మాణ సంస్థ చైర్మన్ ఆ ప్లాన్లని పక్కన పడేశాడు. అలాంటి సమయంలో ఈ ఇల్లు దొరికింది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది.

మర్నాటి నుంచి నలభై రోజులు ఆయన మకాం అక్కడే. గది గదికీ థర్మామీటర్లు వేలాడదీశాడు. కిటికీలు కొలిచాడు, పైకప్పు కొలిచాడు, నేల మీద చెవి ఆనించి కూడా చూశాడు. మిషను తొక్కుతూ దర్జీ ఆ తమాషా అంతా చూసేది.

"ఇల్లు చల్లగా ఎందుకుంటుందో నేను చెబుతాను సార్. ఆ వెనక గోడ ఉంది చూశారూ..."

"చూశాను. పద్దెనిమిది అంగుళాలు. మట్టి, సున్నం. ఇంకేమీ చెప్పకండమ్మా, ఇంటివాళ్ళ మాటలు వింటే నా పరిశోధన పక్కదారి పడుతుంది."

ఆవిడ నవ్వి దారం ఎక్కించుకుంది. పెద్ద చదువులు చదివినాయన, ఆయనకి తెలియదా అనుకుంది.

నిజంగానే గోడలోనే ఉంది మహత్యం. నడివేసవిలో కూడా దానికి చెమ్మ పట్టేది. సున్నం గోడ కదా, గాలిలో తేమని పీల్చుకుంటుందని రాసుకున్నాడు. వీధిలో పిల్లులన్నీ వచ్చి ఆ గోడకే వీపు ఆనించి పడుకునేవి. వాటినీ లెక్కపెట్టి రాసుకున్నాడు. పక్కిళ్ళు మాత్రం పెనంలా కాలుతుండేవి. సిమెంటు పూతలు పూసి పాడు చేసుకున్నారని జాలిపడ్డాడు. చలికాలంలో మూడు దుప్పట్లు కప్పుకున్నా వణుకు తగ్గదని దర్జీ అంటే, ఆవిడకి రక్తం తక్కువేమో అనుకున్నాడు.

రిపోర్టు నూట అరవై పేజీలు వచ్చింది. చైర్మన్ బల్ల మీద దాన్ని ధన్ మని పెట్టాడు.

"మిట్టమధ్యాహ్నం మీ కమిటీ మొత్తాన్నీ ఆ ఇంట్లో గంటసేపు కూర్చోబెడతాను. ఒక్కరు చెమట తుడుచుకున్నా నా రాజీనామా తీసుకోండి. తుడుచుకోకపోతే రెండు వందల ఇళ్ళూ నా పద్ధతిలో కట్టాలి."

"ఇంత ధైర్యమేమిటయ్యా నీకు!" అన్నాడు చైర్మన్. అని, ఒప్పుకున్నాడు.

ఇళ్ళకి స్థలం కూడా ఆయనే వెతికాడు. తనకి పాఠం చెప్పిన ఇంటి పక్కనే తన ఇళ్ళు లేవాలని ఆయన ముచ్చట. ఆఫీసులో మ్యాపు పరిచి, దర్జీ ఇంటి వెనక వీధిలో పాత షెడ్ల చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీత గీశాడు. షెడ్ల యజమానులు పరిహారం పుచ్చుకుని నవ్వుతూ వెళ్ళిపోయారు. బుల్డోజర్లు వారం రోజుల్లో నేల చదును చేశాయి. ఆ వారమంతా ఆయన ఇంట్లో అద్దం ముందు నిలబడి, కమిటీకి ఇవ్వాల్సిన ఉపన్యాసం అప్పజెప్పుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. నలభై మూడు డిగ్రీలు. ఎండ ఎంత మండితే ఆయనకి అంత సంబరం. కార్లు సందు మొదట్లో ఆగాయి. చైర్మన్, వెనక అయిదుగురు సభ్యులు చెమటలు కక్కుకుంటూ సందులో నడిచి వచ్చారు.

"రండి, రండి. ప్రకృతి ఒడిలోకి రండి," అని ఆర్కిటెక్టు తలుపు తోశాడు.

లోపల్నుంచి వేడి గాలి మొహాన కొట్టింది. ఉపన్యాసం మొదలుపెట్టబోయినవాడల్లా పైకి చూశాడు. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. దర్జీ తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చుంది. పిల్లి ఒక్కటీ లేదు.

చైర్మన్ అయిదు నిమిషాలు కూడా ఆగలేదు. చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు, నుదురు తుడుచుకున్నాడు, చివరికి దాన్ని పిండాడు.

"ఇంతకీ చల్లటి ఇల్లు ఇదేనా, అడ్రసు తప్పామా?"

ఆర్కిటెక్టు థర్మామీటరు చూశాడు. ముప్ఫై తొమ్మిది. దులిపి మళ్ళీ చూశాడు. నలభై. పన్నెండేళ్ళ కష్టం, చేస్తున్న ఉద్యోగం, రెండు వందల ఇళ్ళు కళ్ళ ముందే ఆవిరైపోతున్నాయి. ఏడుపొక్కటే తక్కువ. పరుగున వెళ్ళి వెనక గోడ మీద చెయ్యి వేసి, చురుక్కుమనగానే వెనక్కి తీసుకున్నాడు.

"నలభై రోజులు చూశానమ్మా! ఒక్కనాడూ ఇరవై ఆరు దాటలేదు. నిజం చెప్పండి, ఇంట్లో ఏం మార్చారు?"

దర్జీ తువ్వాలు తీసి మొహం ఒత్తుకుంది.

"నేనేం మార్చాను సార్, ఈ గోడకి అవతల ఆనుకుని ఉన్న ఐస్ ఫ్యాక్టరీని మొన్న మీరే కదా పడగొట్టించారు!"