పాత అతుకు

ఫ్యాక్టరీ మూతపడింది. రేకులు నొక్కే పెద్ద మిషను, కూలి చవగ్గా దొరికే మరో దేశానికి ఓడెక్కబోతోంది. దాన్ని పెట్టెలోకి దించకముందే వెల్డరక్క దాని మీద నిప్పురవ్వలు రేపింది.

సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. "పని పోయిందని మిషను మీద కసి తీర్చుకుంటున్నావా?"

"చేతులు నలగకుండా ముందున్న జాలీని గట్టిగా అతికిస్తున్నా."

"కోసేయమన్నారుగా! జాలీ ఉంటే పని నెమ్మదిస్తుంది. అక్కడ జాలీ ఉండాలన్న రూలే లేదు."

"అందుకే అతికిస్తున్నా."

"మన పని లాక్కుని పొట్ట కొట్టిన అక్కడి కూలీలు నీకేమవుతారక్కా?"

ఆమె ముఖం మీది అద్దం పైకెత్తి, జాలీ అంచున తుప్పు పట్టిన పాత అతుకు చూపించింది.

"ఈ మిషను వేరే దేశం నుంచి ఈ అతుకుతోనే వచ్చింది. అప్పుడు మనకీ రూల్ లేదు. సూపర్‌వైజర్‌వి కాకముందు పదేళ్లు దీని మీదే పనిచేశావు, నీ వేళ్లన్నీ ఉన్నాయిగా? ఆ దేశం వాళ్లకి నువ్వేమవుతావని అతికించి పంపారు తమ్ముడూ?"